పెద్ద కంపెనీ వాడుకుంటోందని తెలిస్తే ఓపెన్ సోర్స్ వాళ్లు ఎందుకు సంతోషించరు?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డులోని మీ పెద్ద కంపెనీ ఒక చిన్న ఓపెన్ సోర్స్ టూల్‌ను, అంటే ఎవరైనా కోడు చూసి, వాడి, మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌ను, వాడటం మొదలుపెట్టింది. ఆ సంగతి మీరు సంతోషంగా దాన్ని నడిపే మనిషికి, అంటే మెయింటెయినర్‌కు, రాస్తే, ఆయన ముభావంగా బదులిచ్చి మీ కంపెనీ ఉద్దేశమేమిటని అడిగాడు. ఇంత పెద్ద సంస్థ వాడుకుంటే గర్వపడాల్సింది పోయి ఈ అనుమానమెందుకని మీకు మనసు కష్టమైంది. నేను 2013 నుంచి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో ఇలాంటి ప్రాజెక్టులకు ప్యాచ్‌లు, అంటే కోడులో సవరణలు, పంపుతున్నాను. అనుమానించేవాళ్లలోనూ, అనుమానానికి గురయ్యేవాళ్లలోనూ ఉన్నవాణ్ని కాబట్టి రెండు అనుభవాలూ చెబుతాను.

మారతహళ్లిలో పీజీలో ఉండే రోజుల్లో, సర్వర్ల లాగ్‌లను (అవి ఏం చేశాయో నమోదయ్యే చిట్టాలను) పోగుచేసే ఒక టూల్‌కు దాదాపు ఏడాదిన్నరపాటు కోడు రాశాను. ఆ పీజీలో సగం మంది మా అనంతపురం, కడప జిల్లాల వాళ్లే కాబట్టి అర్ధరాత్రి దాకా లైటు వేసి ఉంచినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. మొదటి ప్యాచ్ పంపినప్పుడే ఒక ఒప్పందం తెర మీదికి వచ్చింది. ఈ రంగంలో దాన్ని సీఎల్‌ఏ (కంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్) అంటారు. నేను రాసిన కోడును ఆ టూల్ వెనకున్న కంపెనీ తనకు నచ్చిన ఏ లైసెన్సు (వాడుక షరతుల) కిందనైనా ఇచ్చుకోవచ్చని అందులో ఉంది. ప్రాజెక్టులో నా పేరు కనబడితే చాలనుకునే వయసు కాబట్టి చదవకుండానే ఒప్పుకున్నాను. కొన్నేళ్లకు ఆ కంపెనీ చేతులు మారింది, కొత్త యాజమాన్యం లైసెన్సు మార్చింది, నేను ఒక చిన్న సంస్థకు విడిగా చేసిపెడుతున్న పనిలో కొత్త వెర్షన్ వాడాలంటే డబ్బు కట్టాల్సి వచ్చింది. నేను రాసిన ఫైళ్లు అందులో అలాగే ఉన్నాయి. మోసం చేశారని అనలేను, ఒప్పుకున్నది నేనే. పాత వెర్షన్ పాత లైసెన్సు కింద ఎప్పటికీ దొరుకుతుందన్నది నిజమే గాని, భద్రతా లోపాలు బయటపడుతున్నకొద్దీ వాటిని సరిదిద్దేవాళ్లు లేని కోడు మీద ఎవరూ వ్యాపారం నడపలేరు.

మా ఊరి చెరువు నీళ్లు ఆయకట్టు రైతులందరివీ. అయినా తూము ఎత్తే పని ఏ రైతుకూ అప్పగించరు, నీరుగంటి చేతిలోనే ఉంచుతారు. కోడు నీళ్లలాగా తరిగేది కూడా కాదు కాబట్టి పెద్ద కంపెనీ ఎంత వాడుకున్నా ఎవరికీ లోటు రాదు. మీ మెయింటెయినర్ భయం వాడకం గురించి కాదు, రేపు తూము, అంటే లైసెన్సు మార్చే అధికారం, ఎవరి చేతికి పోతుందోనని.

ఇందుకు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నెల్ మంచి ఉదాహరణ. దానిలోకి వచ్చే కోడులో అధిక భాగం ఇంటెల్, గూగుల్, రెడ్ హ్యాట్ వంటి కంపెనీల జీతగాళ్లు రాసేదే. అయినా కెర్నెల్‌ను ఏదో ఒక కంపెనీ ఎగరేసుకుపోతుందని ఎవరూ బెంగపెట్టుకోరు. దాన్ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ 1992లో జీపీఎల్ అనే లైసెన్సు కిందికి తెచ్చినప్పటి నుంచి, ఎవరు రాసిన భాగం మీద కాపీరైటు వారికే, లేదా వారి యజమానికే ఉంటోంది. లైసెన్సు మార్చాలంటే ఇప్పుడు వేలాది మందిని ఒప్పించాలి, అది జరిగే పని కాదు. ఓపెన్ఆఫీస్ అనే ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్‌కు కోడు రాసేవాళ్లు మాత్రం దాన్ని నడిపే సన్ మైక్రోసిస్టమ్స్‌కు కాపీరైటులో భాగం రాసివ్వాల్సి ఉండేది. 2010 జనవరిలో సన్‌ను ఒరాకిల్ కొనేసింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆ కమ్యూనిటీలో ముఖ్యులు చాలామంది విడిపోయి లిబ్రేఆఫీస్‌ను మొదలుపెట్టారు, కాపీరైటు రాసివ్వాలన్న నియమం అక్కడ పెట్టుకోలేదు.

తర్వాతి కాలంలో ఇది తరచుగా జరిగే తంతు అయింది. డేటాలో వెతికే ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో, సర్వర్లను ఏర్పాటు చేసే టెర్రాఫామ్ 2023లో, డేటాబేస్ అయిన రెడిస్ 2024లో ఇలాగే లైసెన్సులు మార్చాయి, వెంటనే వాటి నుంచి ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ అనే ఫోర్క్‌లు, అంటే పాత కోడు నుంచి విడిపోయి వేరుగా సాగే ప్రాజెక్టులు, పుట్టాయి. అయితే లైసెన్సు మార్చిన కంపెనీలు తమనే బాధితులుగా చెప్పుకున్నాయి, ఆ మాటలో కొంత న్యాయమూ ఉంది. తాము కష్టపడి కట్టిన సాఫ్ట్‌వేర్‌ను క్లౌడ్ కంపెనీల వంటివి అద్దెకిచ్చి సంపాదిస్తూ తిరిగి ఏమీ ఇవ్వడం లేదన్నది వాటి ఫిర్యాదు. విచిత్రమేమిటంటే, వాల్కీ ఫోర్క్ వెనక నిలబడినవాళ్లలో అమెజాన్, గూగుల్, ఒరాకిల్ ఉన్నాయి. 2010లో తప్పించుకు పారిపోయింది ఎవరి నుంచో, 2024లో ఆ ఒరాకిల్ కమ్యూనిటీ పక్షాన కనబడింది. అందుకే పెద్ద కంపెనీ అనగానే శత్రువని లెక్కగట్టే వాదం నాకు రుచించదు.

పాత పగలు కూడా కొంత పనిచేస్తాయి. 2001లో లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చింది మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్. అదే కంపెనీ 2016లో లినక్స్ ఫౌండేషన్‌లో చేరి, 2018లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు తమ కోడు పెట్టుకునే గిట్‌హబ్ సైటును 750 కోట్ల డాలర్లకు కొంది. ఆ మాట విన్న తరం వాళ్లే నేటికీ చాలా ప్రాజెక్టులు నడుపుతున్నారు, వాళ్లకు అంత తొందరగా మరుపు రాదు.

రెండో అనుభవంలో నేను కంపెనీ మనిషిని. అప్పటి మా పెద్ద సంస్థలో తేదీల లెక్కలు చేసే ఒక చిన్న లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడు) వాడేవాళ్లం. దాన్ని వేరే దేశంలో పగలు బడిలో లెక్కలు చెప్పే ఒక ఉపాధ్యాయుడు ఒంటరిగా నడిపేవాడు. అందులో ఒక తప్పు కనబడితే నలభై వరుసల కోడుతో సరిచేసి, దాన్ని ఆయనకు పంపడానికి అనుమతి కోరాను. మేనేజర్ సరేనన్నాడు గాని, మా లీగల్ డిపార్ట్‌మెంట్ సరేననడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో మా టెస్టింగ్ వాళ్లు ఈ సంగతి తెలియక ఆయనకు మూడుసార్లు రాశారు, చివరిసారి 'మా ప్రొడక్షన్ ఆగిపోతోంది, దీనికి ప్రాధాన్యం ఇవ్వండి' అని. జీతమిచ్చే యజమాని మాట్లాడినట్టుంది ఆ ధోరణి. ఆయన చివరికి ఒక ఆదివారం కూర్చుని తానే వేరే పద్ధతిలో సరిచేశాడు. నా అనుమతి పత్రం ఆ తర్వాత వచ్చింది. మాలో ఎవరికీ దురుద్దేశం లేదు, కాని ఆయన కూర్చున్న చోటి నుంచి చూస్తే పట్టనితనానికీ దోపిడీకీ తేడా ఏం తెలుస్తుంది?

డబ్బు సంగతి కూడా ఇలాంటిదే. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడేనాటికి, ఆ లోపమున్న, సగం ఇంటర్నెట్ రహస్య సంభాషణకు నమ్ముకున్న ఓపెన్ఎస్ఎస్ఎల్ సాఫ్ట్‌వేర్‌కు విరాళాలుగా ఏటా అందుతున్నది సుమారు 2 వేల డాలర్లు. ఆ తర్వాతే పెద్ద కంపెనీలు కలిసి నిధి ఏర్పాటు చేశాయి. మన బెంగళూరులోని షేర్ల బ్రోకరేజీ కంపెనీ జెరోధా 2024లో ఏటా 10 లక్షల డాలర్ల నిధి ప్రకటించింది, అలాంటివి ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి.

మీ విషయానికొస్తే, మీ టూల్ సంస్థది కాకుండా వ్యక్తిది కాబట్టి ఆయనకు ఇంకో అభినందన ఉత్తరం రాయకండి. మీ ఆఫీసులో ఆ కోడుకు ఇప్పటికే ఏవైనా సవరణలు చేసి ఉంటే, బయటికి పంపడానికి అనుమతి ఎంత కాలం పడుతుందో ముందుగా కనుక్కుని, ఆ గడువును ఆయనకు దాచకుండా చెప్పండి. మీ సెక్యూరిటీ వాళ్లు వెండర్లకు (డబ్బు తీసుకుని సాఫ్ట్‌వేర్ ఇచ్చేవాళ్లకు) పంపే ప్రశ్నావళిని ఆయనకు పంపకుండా ఆపండి, ఆయన మీ వెండర్ కాడు. ఎప్పుడైనా మీ కంపెనీ ఆ ప్రాజెక్టును తన పేరు కిందికి తెచ్చుకోవాలని చూస్తే, సీఎల్‌ఏ అడగవద్దని మీరే లోపలి నుంచి గట్టిగా చెప్పండి. బదులు వెంటనే మెత్తబడుతుందని మాత్రం ఆశించకండి. మా లెక్కల మాస్టారు మా టీమ్ నుంచి వెళ్లిన నాలుగో ప్యాచ్‌కు గాని 'థాంక్స్' అని రాయలేదు.