కొత్త సీజన్లు వస్తున్నా పాత ఉత్సాహం ఎందుకు కలగడం లేదు?

ఒకప్పుడు ఇష్టపడి చూసిన సిరీస్‌లకు కొత్త సీజన్లు వస్తున్నాయి గానీ పాత ఉత్సాహం రావడం లేదని రాశారు. లోపం సిరీస్‌లు తీసేవారిదా, చూసే మీదా అని అడిగారు. ఏవి చూడవచ్చో కూడా చెప్పమన్నారు. నా అనుభవంలో లోపం మీది కాదు. తీసేవారి ప్రతిభలోనూ పెద్ద లోపం లేదు. అసలు దెబ్బ తీస్తున్నది సీజన్‌కూ సీజన్‌కూ మధ్య పెరిగిపోయిన దూరం.

నాకు ఇది 'సెవరెన్స్'తో తెలిసివచ్చింది. ఉద్యోగుల జ్ఞాపకాలను రెండుగా చీల్చే కథ అది. ఆఫీసులో ఉన్న మనిషికి ఇల్లు గుర్తుండదు, ఇంట్లో ఉన్న మనిషికి ఆఫీసు గుర్తుండదు. మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది. అది ముగిసిన క్షణాన నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. వెంటనే అక్కకు ఫోన్ చేశాను. ఆమె కూడా అప్పుడే చూడటం ముగించింది. అర్ధరాత్రి దాటేవరకు ఇద్దరం ఊహాగానాలు చేస్తూనే ఉన్నాం. రెండో సీజన్ వచ్చింది 2025 జనవరిలో. అంటే రెండేళ్ళ తొమ్మిది నెలల తర్వాత. తెర మీద ఆ మనుషులకు ఆ దిగ్భ్రాంతి ఇంకా పచ్చిగానే ఉంది. నాకు మాత్రం ఎప్పుడో ఆరిపోయింది. ఎవరు ఎవరికి ఏమవుతారో అక్కను అడిగితే, ఆమెకూ సగమే గుర్తుంది. చివరికి మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లూ మళ్ళీ చూసి, ఆ తర్వాతే కొత్తదానికి వెళ్ళాం.

అంతమాత్రాన రెండో సీజన్ బాగాలేదని నేను అనను. ఏడో ఎపిసోడ్ ఒక్కటే చాలు ఆ సీజన్‌ను నిలబెట్టడానికి. ఆ సిరీస్‌కు ఛాయాగ్రహణం చేసిన జెస్సికా లీ గాన్యే దానికి స్వయంగా దర్శకత్వం వహించారు. ఒక దాంపత్యం ఎలా మొదలై ఎలా బీటలు వారిందో అంత సున్నితంగా చెప్పిన గంట ఈమధ్య నేను చూడలేదు. కానీ ఆ గంటకు చేరేసరికి ఆ దంపతుల మీద నాకు మమకారం మళ్ళీ మొదటినుంచి పుట్టవలసి వచ్చింది. ఆ శ్రమ ప్రేక్షకుడిది కాకూడదని నా గట్టి నమ్మకం.

ఆలస్యానికి కారణాలు లేకపోలేదు. 2023లో హాలీవుడ్ రచయితల సమ్మె 148 రోజులు సాగింది, దాని మధ్యలోనే నటుల సమ్మె మొదలై 118 రోజులు నడిచింది. రచయితలు, నటులు అడిగినవి న్యాయమైనవే, వారిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే సమ్మె ముగిసినా దూరాలు తగ్గలేదు. ఒక్కో ఎపిసోడ్‌ను పెద్ద సినిమాలా తీయాలన్న పట్టుదల, నెలల తరబడి సాగే గ్రాఫిక్స్ పని ఆ దూరాన్ని అలాగే ఉంచుతున్నాయి. ఒక చిన్న ఊరి పిల్లలు వింత శక్తులతో పోరాడే 'స్ట్రేంజర్ థింగ్స్' చూడండి. ప్రధాన కథాకాలం 1983 నుంచి 1987 వరకు, అంటే నాలుగేళ్ళు. తెర మీద అది 2016లో మొదలై 2025 చివరి రోజున ముగిసింది. పసిపిల్లలుగా పరిచయమైనవాళ్ళు పెద్దవాళ్ళై కూడా బడి పిల్లలుగా నటిస్తుంటే, వాళ్ళు ఎంత బాగా చేసినా నా కన్ను ఒప్పుకోలేదు.

ఇక సింహాసనం కోసం ఒక రాజవంశం తనలో తాను పోరాడే 'హౌస్ ఆఫ్ ది డ్రాగన్' రెండో సీజన్ గురించి ఎక్కువ చెప్పను. దాదాపు ఇరవై నెలలు ఆగితే ఎనిమిదే ఎపిసోడ్లు వచ్చాయి, మొదటి సీజన్‌కంటే రెండు తక్కువ. సైన్యాలు కదిలాయి, అసలు పెద్ద యుద్ధం మొదలవుతుందనగా సీజన్ అయిపోయింది. చాలా నిరాశపడ్డాను.

ఇప్పుడు మీరు తప్పక చూడవలసినది చెబుతాను. 'ది పిట్'. పిట్స్‌బర్గ్‌లోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఒకే ఒక్క రోజు డ్యూటీ. ఒక్కో ఎపిసోడ్ ఒక్కో గంట, మొత్తం పదిహేను. 2025 జనవరిలో మొదటి సీజన్, సరిగ్గా ఏడాదికి 2026 జనవరిలో రెండోది. ఒకప్పుడు అమెరికా టీవీలో శరదృతువులో మొదలై వసంతం దాకా ఇరవై రెండు ఎపిసోడ్లు నడవడం మామూలు. 'ఈఆర్' ఆ కాలపు ఆసుపత్రి సిరీస్. అందులో 1994లో వైద్య విద్యార్థిగా కనిపించిన నోవా వైలీ ఇందులో ఆ విభాగానికి పెద్ద దిక్కైన రాబీ పాత్ర చేశారు. అమెరికా టీవీ అవార్డులైన ఎమ్మీల్లో 2025లో ఉత్తమ డ్రామా, ఉత్తమ నటుడు రెండూ దీనికే దక్కాయని తెలిసి నా ఇంటివాళ్ళకే వచ్చినంత సంతోషించాను.

ఎపిసోడ్లు ఎక్కువైతే సాగదీత అంటారు కొందరు. ఇక్కడ ఆ మాట పొసగదు. విటేకర్ అనే వైద్య విద్యార్థి తొలిరోజే ఏదో ఒకటి మీద పడి పదేపదే దుస్తులు మార్చుకోవలసి వస్తుంది. మొదట నవ్వొస్తుంది. మూడోసారికి జాలేస్తుంది. రోజు ముగిసేసరికి ఆ అబ్బాయి గురించి తెలిసే ఒక చిన్న విషయం గుండెను పట్టేస్తుంది. ఎనిమిది ఎపిసోడ్ల సీజన్‌లో అతనికి రెండు మూడు దృశ్యాలకు మించి దక్కేవి కావు. నర్సు డేనా ఒక్కొక్కరినీ కంటిచూపుతోనే నడిపించే తీరు కూడా అంతే, వారంవారం చూస్తేనే మనసుకు పడుతుంది. రెండో సీజన్ పది నెలల తర్వాతి మరో డ్యూటీ, ఈసారి అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4న. మనకూ ఇంచుమించు అంతే కాలం గడిచింది కాబట్టి, ఆ తలుపు తెరుచుకోగానే పాత స్నేహితుల దగ్గరికి వెళ్ళినట్టే అనిపించింది. ఎవరు ఎవరో అక్కను అడగవలసిన పని పడలేదు.

మరొకటి 'స్లో హార్సెస్'. గూఢచారి సంస్థలో తప్పులు చేసి పక్కకు నెట్టబడినవాళ్ళ కథ, గ్యారీ ఓల్డ్‌మన్ ప్రధాన పాత్ర. 2022 నుంచి 2025 లోపల ఐదు సీజన్లు వచ్చాయి, సీజన్‌కు ఆరు ఎపిసోడ్లు. నిడివి చిన్నదే అయినా మాట తప్పకుండా వస్తుంది కాబట్టి కోపం రాదు.

అయితే నా వాదనకు ఎదురు నిలిచే సిరీస్ ఒకటుంది, 'స్టార్ వార్స్' లోకంలో జరిగే 'ఆండోర్'. రెండు సీజన్ల మధ్య రెండున్నరేళ్ళు పట్టింది. అయినా నాకు ఏమీ తెగిపోయినట్టు అనిపించలేదు. రెండో సీజన్‌లోని పన్నెండు ఎపిసోడ్లను మూడేసి చొప్పున నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి కథను ఒక్కో ఏడాది ముందుకు జరిపారు. పాత్రలు మనకు కనిపించకుండానే మారుతున్నాయి కాబట్టి, మన మరుపు కూడా కథలో కలిసిపోయింది. మొదట ఐదు సీజన్లు అనుకుని, అంతకాలం కుదరదని గ్రహించి రెండింటితో ముగించారు దాని సృష్టికర్త టోనీ గిల్‌రాయ్. ఆ నిర్ణయానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

మీరైతే 'ది పిట్' మొదటి సీజన్‌తో మొదలుపెట్టండి. పదిహేను గంటలూ ఒక్క సెలవు రోజున చూసేయకండి. వారానికి రెండు చొప్పున, వీలైతే మాట్లాడుకోవడానికి తోడుగా ఒకరిని పెట్టుకుని చూడండి. రక్తం, గాయాలు దాచకుండా చూపిస్తారు కాబట్టి భోజనం చేస్తూ మాత్రం వద్దు. మూడో ఎపిసోడ్ దాటాక కూడా మనసు కదలకపోతే ఇక్కడే రాయండి, ఇంకొకటి చెబుతాను.