కట్నాల పుస్తకం, కట్నాల మైకు

ప్రశ్న: నవంబరులో మా అమ్మాయి పెళ్లి. మా అత్తమ్మ పాత కట్నాల పుస్తకం తీసి, మనం ఎవరింట్లో ఎంత పెట్టామో చూస్తున్నారు. కానుకకు లెక్కలేంటని మా అబ్బాయి గొడవ. 'కట్నాలు తీసుకోబడవు' అని పెళ్లిపత్రికలో వేయిద్దామంటాడు. ఇద్దరి మధ్య నాకు టెన్షన్. పూర్వం కానుకంటే ఏమీ ఆశించకుండా ఇచ్చేదేనా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: అమ్మా, ఆ పుస్తకం అత్తమ్మ దగ్గరే ఉండనివ్వండి. మా అమ్మ రాసిన పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. నీలం అట్ట, మొదటి పేజీ మూలలకు పసుపు. 1974లో మా అక్క పెళ్లి నాటిది. ఒకచోట 'పాలామె – 2 రూపాయలు, రవికె గుడ్డ' అని ఉంటుంది. పక్కనే, తర్వాతెప్పుడో, వేరే సిరాతో 'కొడుకు పెళ్లికి ఇత్తడి బిందె పెట్టినం'. రెండు రూపాయలకు బిందె ఏ లెక్కన సరిపోతుంది? ఆమె వచ్చింది, పెట్టింది. అది మర్చిపోకూడదనే అమ్మ రాసుకుంది.

ఏమీ ఆశించని కానుక పూర్వమూ అరుదే. కావ్యాలు అంకితమివ్వడమే చూడండి. 16వ శతాబ్దంలో పొన్నెగంటి తెలగన తన 'యయాతి చరిత్రము'ను మన పటాన్‌చెరులో ఉన్న అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం అది. కవికి ప్రభువు ఆదరణ దక్కింది, ప్రభువుకు పద్యంలో చోటు దక్కింది. గోల్కొండ కొలువులో అమీన్ ఖాన్ లాంటి అధికారులు ఎంతమంది ఉండేవారో! తెలుగు చదువుకున్నవాళ్లు ఈయన పేరు మాత్రం ఇప్పటికీ తలుస్తున్నారంటే తెలగన వల్లే.

నిజాంకు ఇచ్చే నజరానా సంగతి వేరు. దర్బారులో అష్రఫీ, అంటే బంగారు నాణెం, పట్టుకుని వంగి నిలబడాల్సిందే. కాదనే వీల్లేనిదాన్ని నేను కానుక అనను.

కట్నాల దగ్గర నన్ను బాధపెట్టేది మైకు. మా అక్క పెళ్లిలో ఎవరిదో ఐదు వందలు చదివిన వెంటనే పాలామె రెండు రూపాయలు చదివారు. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, అన్నం తినకుండానే వెళ్లిపోయింది. మర్నాడు అమ్మ గిన్నెలో అన్నం, కూరలు సర్దుకుని వాళ్లింటికి నడిచింది.

పత్రికలో ఆ మాట మాత్రం వేయించకండి. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు వద్దంటున్నా బలి దానానికే సిద్ధపడతాడు. అంతటి విష్ణువు చెయ్యి కింద, తన చెయ్యి పైన ఉండటం కన్నా ఏం కావాలంటాడు. మీరు పెట్టినవాళ్లకూ ఒకసారి తమ చెయ్యి పైనుండాలని ఉంటుంది కదా. వద్దంటే ఎంత నొచ్చుకుంటారు!

కట్నాలు రాసేచోట మైకు పెట్టనివ్వకండి. పుస్తకం మీ అబ్బాయితోనే రాయించండి. పక్కన అత్తమ్మను కూర్చోబెడితే, వచ్చినవాళ్లు ఏ ఊరివాళ్లో, మీకు ఏమవుతారో ఆవిడే చెబుతారు. అదీ రాసుకోమనండి.