గెలవని ఎమ్మెల్యే తెచ్చే రాయితీ మీద అప్పా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. మండల కేంద్రంలో గానుగ నూనె యూనిట్ నడుపుతున్నాను. దుకాణం ఖర్చులు పోను నెలకు 55 వేలు మిగులుతాయి. అందులో పాత మెషీన్ ఈఎంఐ 9 వేలు, ఇంటి ఖర్చు 28 వేలు, 2 లక్షల చీటీకి 10 వేలు పోతాయి. చీటీ ఇంకా 8 నెలలు ఉంది. బ్యాంకులో 60 వేలు ఉన్నాయి. మా దగ్గర ఉప ఎన్నిక జరగబోతోంది. చిన్న యూనిట్లకు జీఎస్టీ, వృత్తి పన్ను ఎత్తేయిస్తానని, కరెంటు సగం ధరకే ఇప్పిస్తానని, పెట్టుబడిలో 35 శాతం రాయితీ తెస్తానని ఒక అభ్యర్థి చెబుతున్నారు. 16 లక్షలతో రెండో మెషీన్, షెడ్ పెట్టాలని ఉంది. బ్యాంకు లోన్ 8 లక్షలు, బయట రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు, నా భార్య నగల మీద 4 లక్షలు తెస్తాను. రాయితీ రాగానే బయటి అప్పు తీర్చేస్తాను. ఈ ఏడాది ఆరోగ్య బీమా ఆపితే 22 వేలు కలిసొస్తాయి. ఆయన పన్నుల విధానం మాలాంటి వాళ్లకు మంచిదేనా? ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?

జవాబు: వద్దు. కారణాలు తర్వాత చెబుతాను, ముందు బయటి అప్పుకు మాట ఇచ్చి ఉంటే ఈరోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఇలాంటి ప్రశ్నలు వస్తుంటాయి. ఊరు మారుతుంది, మెషీన్ మారుతుంది, పొరపాటు మాత్రం ఒకటే. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాని రాయితీని అప్పుడే జమ ఖాతాలో రాసేసుకుంటారు.

ఆ అభ్యర్థి మాట మీద నిలబడే మనిషే అనుకుందాం, గెలిచారనే అనుకుందాం. మీది ఆంధ్రప్రదేశ్ అయితే 175 మందిలో ఒకరవుతారు, తెలంగాణ అయితే 119 మందిలో ఒకరు. జీఎస్టీ రేట్లు తేల్చేది అసెంబ్లీ కాదు, జీఎస్టీ కౌన్సిల్. అక్కడ కేంద్రం ఓటు విలువ మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు. ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. అంటే రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం ఒప్పుకోకుండా పని జరగదు. పోనీ ఎత్తేశారే అనుకోండి, అమ్మే నూనె మీద పన్ను లేకపోతే మీరు కొన్న మెషీన్ మీద కట్టిన పన్నును మినహాయించుకునే క్రెడిట్ రాదు. ఆ సంగతి మైకులో ఎవరూ చెప్పరు.

వృత్తి పన్ను రాష్ట్రం చేతిలోదే. కానీ రాజ్యాంగం ప్రకారం అది మనిషికి ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదు. పూర్తిగా ఎత్తేసినా మీకు మిగిలేది నెలకు 208 రూపాయలు. కరెంటు ధర నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ మండలి. ప్రభుత్వం తగ్గించాలంటే ఆ తేడా సొమ్ము డిస్కమ్‌కు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు కట్టాలి, దానికి బడ్జెట్ కావాలి. రాష్ట్రం తలచుకుంటే నిజంగా తగ్గించగలిగింది డీజిల్ మీద వ్యాట్. మీ సరుకు ఆటోలో వెళ్తుంది కదా, దాని గురించి ఆయన ఏమైనా అన్నట్టు మీరు రాయలేదు.

ఇక మీరు ఆశపెట్టుకున్న 35 శాతం, అంటే 5 లక్షల 60 వేలు. చిన్న యూనిట్లకు కేంద్రం రాయితీ ఇచ్చే పీఎంఈజీపీ లాంటి పథకాల్లో రాయితీ సొమ్ము మీ చేతికి ఇవ్వరు. బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంచి, తర్వాత ఆ లోన్‌కే జమ చేస్తారు. బయటి వడ్డీ వ్యాపారికి కట్టడానికి అది పనికిరాదు. నా దగ్గరికి ఒకాయన రాయితీ మంజూరు పత్రానికి లామినేషన్ చేయించుకుని మరీ వచ్చాడు. డబ్బు మాత్రం రాలేదు. అప్పు ఇచ్చినాయనకు ఆ కాగితం చూపిస్తే, ‘బాగుంది, ఫ్రేమ్ కట్టించుకో’ అన్నాడట. మీ దగ్గర ఆ కాగితం కూడా లేదు.

లెక్క చూడండి. 8 లక్షల బ్యాంకు లోన్‌కు 11 శాతం చొప్పున అయిదేళ్లకు ఈఎంఐ సుమారు 17,400. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, 4 లక్షలకు నెలకు 8 వేలు. నగల లోన్ రూపాయి వడ్డీ అనుకున్నా 4 వేలు. మొత్తం 29,400. ఇప్పుడు మీకు నెలకు మిగిలేది 8 వేలు. అది మొత్తం ఇందులో పోసినా, కొత్త మెషీన్ మొదటి నెల నుంచే 21,400 అదనంగా సంపాదించి పెడితేనే ఈ కిస్తీలు, వడ్డీలు కట్టగలరు. గానుగ వ్యాపారం మీకే బాగా తెలుసు. వేరుశనగ నగదు పెట్టి కొనాలి, నూనె తీసుకున్న షాపు వాళ్లు నెలా నెలన్నరకు డబ్బిస్తారు. రెండు మెషీన్లంటే ఆ గుంజాటన రెండింతలు. రాయితీ రెండేళ్లు ఆలస్యమైతే బయటి అప్పుకు, నగలకు కలిపి వడ్డీయే 2 లక్షల 88 వేలు కడతారు. అసలు మాత్రం అలాగే ఉంటుంది. వచ్చే రాయితీలో సగానికి పైగా ముందే కరిగిపోయినట్టు.

నన్ను అడిగితే మీ అసలు సమస్య పన్నులు కాదు, ఆ 60 వేలు. ఇల్లూ దుకాణమూ రెండూ నడుపుతున్న మనిషికి అది పట్టుమని నెలన్నరకు సరిపోదు. మోటారు కాలితే, ఇంట్లో ఒకరు మంచాన పడితే మీరు మళ్లీ ఆ రెండు రూపాయల గుమ్మమే ఎక్కాలి. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 37 వేలు, ఆరు నెలలకు 2,22,000. దుకాణం అద్దె, ఇద్దరు కూలీలు, కరెంటు కలిపి 45 వేలు అనుకుంటే మూడు నెలలకు 1,35,000. మొత్తం 3,57,000 విడిగా ఒక ఖాతాలో ఉండాలి. దుకాణం లావాదేవీలు జరిగే ఖాతాలో కాదు, అక్కడ పెడితే వేరుశనగ బస్తాలైపోతుంది.

ఇది మీకు చేతనయ్యే పనే. చీటీని మధ్యలో పాడకండి, చివరి వరకు ఆగండి. కమిషన్ పోను 1,90,000 వస్తాయనుకుందాం. నెలకు మిగిలే 8 వేలు ఎనిమిది నెలలు దాస్తే 64 వేలు. ఉన్న 60 వేలతో కలిపి 3,14,000. చీటీ అయ్యాక నెలకు 18 వేలు మిగులుతాయి కాబట్టి ఇంకో మూడు నెలల్లో పూర్తవుతుంది. మొత్తం పదకొండు నెలలు.

ఆ తర్వాత మెషీన్ గురించి మాట్లాడుకుందాం. అప్పుడు కూడా బ్యాంకు లోన్ మాత్రమే, షెడ్ లేకుండా మెషీన్ ఒక్కటే. ముద్ర లోన్ అడగండి, జిల్లా పరిశ్రమల కేంద్రంలో జీవో ఉన్న పథకాలేవో కనుక్కోండి. నగలు బీరువాలోనే ఉండనివ్వండి.

ఆరోగ్య బీమా ఆపుతానన్నారు చూశారా, అక్కడే నాకు కోపం వచ్చింది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి పూర్తిగా తీసేశారు. మీ వీధిలో ఎవరూ హామీ ఇవ్వకుండానే మీకు దక్కిన పన్ను తగ్గింపు అది, దాన్నే వదిలేస్తానంటున్నారు. ఒకసారి ఆపి వచ్చే ఏడాది మళ్లీ తీసుకుంటే పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే బీమా వర్తించడానికి ఆగాల్సిన కాలం, మొదటికొస్తుంది. మీరు రాసిన 22 వేలు ఆ పన్ను తీసేయక ముందు కట్టినదైతే, అందులో పన్ను ఎంతో రసీదులో చూసుకోండి. రెన్యువల్ తేదీ మీరు రాయలేదు. దగ్గర్లో ఉంటే ఈ వారంలోనే కట్టేయండి.