సెంటర్ బ్యాక్‌ను ఫార్వర్డ్‌గా మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో సెంటర్ బ్యాక్ (గోల్ ముందు మధ్యలో నిలిచే డిఫెండర్), కెప్టెన్ కూడా. పేపర్లో మాత్రం గోల్స్ కొట్టినవాళ్ల పేర్లే వస్తున్నాయి. ఇండియాకు ఆడిన మా జిల్లా సౌమ్య గుగులోత్‌లా ఫార్వర్డ్‌గా (గోల్స్ కొట్టే స్థానానికి) మార్పిస్తే మంచిదా? డిఫెండర్‌కు భవిష్యత్తు ఉంటుందా? – ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: పేపర్లో పేరు కోసమైతే మార్పించకండి. మణిపూర్‌కు చెందిన ఆశాలతా దేవి డిఫెండరే. 2011లో ఇండియాకు ఆడడం మొదలుపెట్టి, 2024 అక్టోబర్‌లో ఖాట్మండులో పాకిస్తాన్‌పై 100వ అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది. భారత మహిళల్లో ఆ మైలురాయి దాటిన తొలి క్రీడాకారిణి ఆమే. చాలాకాలం జట్టు కెప్టెన్ కూడా. 2022 అండర్-17 ప్రపంచకప్‌లో మన కెప్టెన్ అష్టమ్ ఒరావ్, 2025 జులైలో థాయ్‌లాండ్‌ను ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించిన జట్టు కెప్టెన్ స్వీటీ దేవి... వీళ్లూ డిఫెండర్లే. గ్రౌండంతా కళ్ల ముందు కనిపించే చోటు అది.

అయితే టాస్‌కు వెళ్లి రావడంతో కెప్టెన్సీ అయిపోదు. ఈసారి మ్యాచ్‌కు వెళ్లినప్పుడు బంతిని వదిలేసి మీ అమ్మాయినే చూడండి. అవతలివాళ్లు బంతిని వెనక్కి ఆడగానే "పైకి" అని అరిచి డిఫెండర్ల లైన్‌ను ఐదారు అడుగులు ముందుకు తీసుకెళ్తోందా? నలుగురు డిఫెండర్లలో ఒక్కరు వెనక ఉండిపోయినా ఆఫ్‌సైడ్ ట్రాప్ (అవతలివాళ్లను తమ వెనక వదిలేసి, వాళ్లకొచ్చే పాస్ చెల్లకుండా చేసే ఎత్తు) పోయినట్టే. అరుపులో తోటి ప్లేయర్ పేరు ముందు రావాలి, చేయాల్సిన పని తర్వాత. అదీ పాస్ పడకముందే. గోల్ పడ్డాక అరిచేవాళ్లు ఏ టీమ్‌లోనైనా ఉంటారు, వాళ్లతో పనిలేదు.

మోకాలి గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగే ప్రమాదం అబ్బాయిలకన్నా అమ్మాయిలకే ఎక్కువ. తెగితే ఆపరేషన్, ఆపైన కనీసం తొమ్మిది నెలలు ఆటకు దూరం. ఇంట్లో ఒక మెట్టు మీదనుంచి దూకమనండి. కాళ్లు నేలకు తాకేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతుంటే కోచ్‌కు చెప్పండి. ఫిఫా 11+ అనే వార్మప్ ఉంది. ఇరవై నిమిషాల పని, వారానికి కనీసం రెండుసార్లు చేయాలి. మనవాళ్లు దాన్ని వదిలేసి రెండు రౌండ్లు పరిగెత్తించి మ్యాచ్‌కు దించేస్తారు.

ట్రయల్స్‌కు వీడియో పంపేటప్పుడు ట్యాకిళ్లన్నీ (అవతలివాళ్ల కాలి దగ్గర్నుంచి బంతి లాక్కున్నవి) కోసి అతికించకండి. ప్రతిసారీ నేలమీద జారుతూ ట్యాకిల్ చేస్తోందంటే ముందు నిలబడ్డ చోటే తప్పని కోచ్‌లు పట్టేస్తారు. సెంటర్ లైన్ దగ్గర ఎత్తైన చోటునుంచి తీసిన ఒక పూర్తి మ్యాచ్, దాంతోపాటు మొత్తం మూడు నాలుగు నిమిషాల క్లిప్పులు చాలు. ప్రతి క్లిప్ బంతి రావడానికి ఐదు సెకన్ల ముందే మొదలవ్వాలి. ఎడమ కాలితో ఇచ్చిన పాసులు తప్పక ఉండాలి.

ఇక డబ్బు సంగతి. ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఒక్కో క్లబ్ కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలని ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) 2023లో నిర్ణయించింది. నెలకు చూస్తే 27 వేల లోపే. దాన్నే నమ్ముకుని చదువు మాన్పించొద్దు. డిగ్రీ చేయించండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు రాష్ట్రం తరఫున ఆడితే ఫారం-2, ఇంటర్ యూనివర్సిటీకి ఫారం-3, జాతీయ స్కూల్ క్రీడలకు ఫారం-4 కావాలి. టోర్నీలో ఇచ్చే రంగుల సర్టిఫికెట్ వాటికి బదులు కాదు. ఆ ఫారాలపై సంతకాలు ఆడిన ఏడాదే చేయించుకోండి. సంఘం కార్యదర్శి మారాక తిరగడం మహా కష్టం. జనన ధ్రువీకరణ, ఆధార్, స్కూల్ రికార్డు మూడింట్లో పుట్టినతేదీ ఒకటేనా అన్నది ఈ వారమే చూడండి. తేడా ఉంటే వయసు గ్రూపు టోర్నీల్లో అక్కడే ఆపేస్తారు.

పద్దెనిమిది నిండాక ఏఐఎఫ్ఎఫ్ డి-లైసెన్స్ కోచింగ్ కోర్సుకు పంపండి. ఇప్పుడు లైన్‌ను నడపడంలో నేర్చుకుంటున్నదే అక్కడ పాఠంగా ఎదురవుతుంది.