వంకర గీతా, వంపు గీతా?

సందేహం: ఒకటి, రెండు తరగతుల పిల్లలకు గీతలు నేర్పుతున్నాను. ‘సరళరేఖ, వక్రరేఖ’ అంటే వాళ్ళకు నోరు తిరగడం లేదు. పోనీ ‘తిన్న గీత, వంకర గీత’ అంటే, వంకర గీత తప్పుగా గీసిందేమో అనుకొని చెరిపేస్తున్నారు. ఏ మాటలు వాడాలి?
– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని

సమాధానం: చెరిపేస్తున్న పిల్లలు తెలుగును సరిగ్గానే అర్థం చేసుకున్నారు. పళ్ళు వంకర, పాపిడి వంకర, కుక్కతోక వంకర – ఉండవలసిన తీరులో లేనిదల్లా మనకు వంకరే. ‘వంకర గీత’ అనగానే దిద్దవలసిన గీత అని వాళ్ళకు తోచడం సహజం.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. గోడమీద పటం ఒక పక్కకు ఒరిగితే ‘పటం వంకరగా ఉంది’ అంటాం. దాని అంచులేవీ వంగలేదు, పటం ఒరిగింది, అంతే. అంటే వంగినదానికీ, ఒరిగినదానికీ మన వాడుకలో ఒకటే మాట. గీతల పాఠంలో పిల్లలు విడదీసి చూడవలసినవి సరిగ్గా ఈ రెండే. ఏటవాలు గీత గీసి ఇదేమిటని అడగండి, ‘వంకర గీత’ అనేవాళ్ళు తప్పక ఉంటారు. ఆ పొరపాటు మాట తెచ్చిపెట్టింది, పిల్లల తెలివిలో లోపం లేదు.

అందుకని ‘వంపు గీత’ అనండి. వంగు, వంచు, వంపు ఒకే కుదురులోవి. ఏటి వంపు, దారి వంపు అన్నప్పుడు ఎవరినీ తప్పుపట్టడం లేదు. ‘నీళ్ళు వంపు’ అనే క్రియ అడ్డం వస్తుందేమోనన్న భయం అక్కర్లేదు. గీత పక్కన చేరాక ఆ అర్థం తోచదు. కొన్ని చోట్ల ‘ఒంపు’ అంటారు. అదీ ఒప్పే. పలక మీద, గోడ పటం మీద మాత్రం ఏదో ఒకటే రాయండి.

‘తిన్న గీత’ను దిద్దుకోవాలి. ‘తెల్లని గీత’ను ‘తెల్ల గీత’ అనవచ్చు గాని, ‘తిన్నని గీత’కు ఆ వెసులుబాటు లేదు. ‘ని’ పోతే అది ‘అన్నం తిన్న పిల్లవాడు’లోని ‘తిన్న’ అవుతుంది. తెలంగాణ పిల్లలైతే ‘సక్కగ పో’, ‘సీదా పో’ అని ఇంట్లో వింటారు. వాళ్ళతో ముందు ఆ మాటతోనే మొదలుపెట్టి, తర్వాత ‘తిన్నని’ కలపండి. అక్కడ ఒక్క జాగ్రత్త: వంపు గీత గీయిస్తూ ‘చక్కగా గీయి’ అంటే, తిన్నగా గీయమన్నారని పిల్లవాడు అనుకోవచ్చు. ‘నీటుగా గీయి’ అంటే ఆ తికమక ఉండదు.

‘సరళరేఖ’ ఎందుకు ఎక్కదో కూడా చెప్పుకోవాలి. సంస్కృతంలో సరళమంటే వంపు లేనిది. తెలుగులోకి వచ్చాక ‘సరళమైన భాష’లో తేలిక, గ జ డ ద బ లను సరళాలు అనడంలో మెత్తన అనే భావాలు నిలిచాయి. తిన్నదనం దాదాపుగా ‘సరళరేఖ’ అన్న ఒక్క మాటలోనే మిగిలింది. అందువల్ల పిల్లలకు ఆధారం దొరకదు. ‘తిన్నని గీత’ నోట బాగా నలిగాక, ‘దీన్నే పుస్తకంలో సరళరేఖ అంటారు’ అని చెబితే చాలు.

ఇక వంపుల పాఠానికి మన గుణింతాన్ని మించిన సాధనం లేదు. ‘కి’ మీది గుర్తును గుడి అంటాం. ఈ గుడి దేవుడి గుడి కాదు. చంద్రుడి చుట్టూ వలయం కడితే ‘వరదగుడి కట్టింది’ అంటామే, ఆ గుడి, అంటే గుండ్రన. ‘కు’కు కొమ్ము. ‘కృ’కు వట్రసుడి: వట్రువ అంటే గుండ్రం, సుడి అంటే తిరుగుడు. పేరులోనే చెయ్యి ఎటు తిరగాలో ఉంది. పేరు పలుకుతూ గాలిలో వేలితో గీయించి, ఆ తర్వాత పలక ఇవ్వండి. తిన్నని గీత కావాలంటే ధ, భ ల కింద ఉన్న చిన్న నిలువు గీతను వెదకమనండి. మన అక్షరాల్లో అది అరుదు గనక పిల్లలు పోటీపడి వెదుకుతారు.

ఒరగడానికీ వంగడానికీ తేడా చూపడానికి ఒక ఎండు చీపురుపుల్ల, ఒక పచ్చి కొబ్బరి ఈనె, మూరెడు నూలు దారం చాలు. ఎండు పుల్లను బల్ల మీద అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా పెడుతూ ప్రతిసారీ ‘పుల్ల వంగిందా?’ అని అడగండి. మూడుసార్లూ ‘లేదు’ అన్నాకే పచ్చి ఈనెను విల్లులా వంచి చూపండి. ఎండు పుల్లనే వంచబోతే విరుగుతుంది, రెండు తిన్నని ముక్కలై పాఠం చెడుతుంది. దారాన్ని ఇద్దరు పిల్లలు బిగించి పట్టుకుంటే తిన్నని గీత, వదులు చేస్తే వంపు. ఉన్ని దారం వద్దు. అది సాగుతుంది, బల్ల మీద పెడితే ముడుచుకుంటుంది. నూలు దారాన్ని కాస్త తడిపితే పలకకు అంటుకొని పెట్టిన వంపు నిలుస్తుంది.

ముగ్గు వేసే ఇళ్ళ పిల్లలకు ఇది మరీ తేలిక. చుక్కలు కలిపే ముగ్గులో తిన్నని గీతలు, చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గులో వంపు గీతలు. నేల మీద వరుసకు 3 చొప్పున 3 వరుసల చుక్కలు పెట్టి రెండు విధాలా వేయించండి. అంతకన్నా ఎక్కువ చుక్కలైతే ఈ వయసువాళ్ళు వరుస తప్పుతారు.

‘వక్రరేఖ’ను మాత్రం తొందరపడి ‘తిన్నగా లేని గీత’ అని నిర్వచించకండి. పై తరగతుల గణితంలో ‘వక్రం’ అన్న మాట పరిధిలోకి సరళరేఖ కూడా వస్తుంది. చిన్నప్పుడు పలక మీద నేర్చుకున్నది ‘వంపు గీత’ అయితే, అప్పుడు ‘వక్రం’ కొత్త మాటగానే ఎదురవుతుంది, పాత అర్థాన్ని చెరుపుకోవలసిన పని ఉండదు.