1995 కాప్రిసా, 2004 క్రౌన్ విక్టోరియానా?

5.7 లీటర్ల ఎల్‌టీ1 ఇంజిన్ ఉన్న 1995 షెవర్లే కాప్రిస్, 2004 ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా ఒకే ధరకు వస్తున్నాయి, రోజూ ఆఫీసుకు తిరగడానికి ఏది కొనమంటారు అని అడిగారు. క్రౌన్ విక్ కొనండి. ఈ మాట చెప్పడానికి నాకే మనసొప్పట్లేదు, నాకు కాప్రిస్సే ఇష్టం మరి.

ఎమ్మెస్ చదివేటప్పుడు టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో మా రూమ్మేట్‌కి 1995 కాప్రిస్ ఉండేది. ఆ ఊళ్లో తయారైన బండే. 260 హార్స్‌పవర్. ముందు సోఫాలాంటి సీట్లో ముగ్గురం, వెనక ముగ్గురం, డిక్కీలో రెండు సోనా మసూరి బస్తాలు వేసుకుని హైవే ఎక్కినా దానికి లెక్కే ఉండేది కాదు.

అయితే ఆ ఇంజిన్‌లో ఆప్టిస్పార్క్ అనే డిస్ట్రిబ్యూటర్, అంటే ఒక్కో సిలిండర్‌కీ స్పార్క్ కరెంటు పంచే భాగం, ఉంటుంది. దాన్ని పెట్టింది సరిగ్గా వాటర్ పంపు కింద! పంపు కారితే కూలెంట్ దాని నెత్తిమీదే పడుతుంది, ఇంజిన్ మిస్ కొడుతుంది. మార్చాలంటే ముందు పంపు ఊడదీయాలి. చూడ్డానికి వెళ్లినప్పుడు పంపు కింద ఫోన్ టార్చ్ వేయండి. ఎండిన కూలెంట్ చారలు కనిపిస్తే బేరం కూడా ఆడకండి.

తర్వాత నేను కొన్నది 2004 క్రౌన్ విక్. 4.6 లీటర్ల వీ8, పికప్‌లో కాప్రిస్ ముందు తేలిపోతుంది. కానీ 2003లో ఫ్రేమ్ మార్చి ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ పెట్టారు. కాప్రిస్ పడవలా ఊగుతూ తిరిగితే ఇది చెప్పినట్టు వింటుంది. 2011 దాకా తయారైంది, పోలీసులూ ట్యాక్సీవాళ్లూ వాడారు కాబట్టి పార్ట్స్‌కి కొరత లేదు. 1996-2001 బళ్లలో ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పంపే భాగం) పగిలే బెడద ఉండేది, మీ మోడల్‌కి ఆ టెన్షన్ లేదు. 2004 బళ్లలో హెడ్‌లైట్ల మాడ్యూల్ పాడై నడుస్తుండగానే లైట్లు ఆరిపోవడం ఉంది కాబట్టి, అది మార్చారో లేదో అడగండి, రాత్రిపూట ఓ అరగంట నడిపి చూడండి. పోలీసు వేలంలో వచ్చిన బండైతే ఓడోమీటర్ చూసి మోసపోవద్దు. గంటల తరబడి ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిలబెట్టిన బళ్లవి.

మంచు సంగతి కూడా చెప్పాలి. ఒహాయోకి మారిన మొదటి చలికాలం, స్టాప్ సైన్ దగ్గర బండి తోక తిరిగి పక్కింటి లాన్ ఎక్కింది. తప్పు నాదే, టైర్లు అరిగిపోయి ఉన్నాయి. నాలుగు స్నో టైర్లు, డిక్కీలో రెండు ఇసుక బస్తాలు వేశాక మళ్లీ జారలేదు. మీరు ఏ రాష్ట్రంలో ఉంటారో రాయలేదు. చలి ఊరైతే టైర్ల డబ్బు ఇప్పుడే పక్కన పెట్టుకోండి.