మట్టికట్ట పగలదు నాయనా, తెగుతుంది

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను, రెండోసారి కోపంతో చదివాను. కొర్రకోడు దగ్గరి మన పెన్నహోబిలం రిజర్వాయర్, దాంట్లోకి హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) నీళ్లొచ్చే తీరు, పవర్‌హౌస్‌లో పదేసి మెగావాట్ల టర్బైన్లు రెండు, అన్నీ కనుక్కుని రాశావు. తీరా చివర్లో "కట్ట కన్నీరు కార్చి భళ్లున పగిలిపోయింది" అన్నావు. పగలడానికి అదేమన్నా కుండా? మట్టికట్టకు గండి పడుతుంది, కట్ట తెగుతుంది. మనూళ్లలో చిన్నపిల్లోడిని అడిగినా ఆ మాటే చెబుతాడు.

మా మేనమామ హెచ్చెల్సీ మీద లస్కరుగా, అంటే కాలువనూ కట్టనూ కనిపెట్టుకుని ఉండే పనివాడిగా చేసేవాడు. తెల్లారేసరికి కట్ట కిందికి దిగి, ఊటనీళ్లు గాజు సీసాలో పట్టి, ఎండకెత్తి చూసి, నన్నూ చూడమనేవాడు. మట్టికట్ట అన్నాక ఊట ఉంటుంది, తేటగా వచ్చినంత కాలం పర్వాలేదు, సీసా అడుగున మన్ను పేరుకుందంటే మాత్రం లోపల కట్ట కొట్టుకుపోతున్నట్టు. ఒకరోజు అలా మన్ను కనిపిస్తే సీసా తువ్వాలలో చుట్టుకుని సైకిలెక్కి ఆఫీసుకు పోయాడు, అన్నం కూడా తినలేదు. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనంలో చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు చెప్పారు, అందులో కట్టలోంచి నీళ్లు కారడం ఒకటి. నీ కన్నీరు తీసేసి ఆ సీసా పెట్టు.

నీ కథలో అసలు టెన్షన్ కూడా అక్కడే ఉంది, నువ్వు చూడలేదు. 11 టీఎంసీలు పట్టే రిజర్వాయర్‌ను లీకేజీల భయంతో ఏళ్ల తరబడి నిండా నింపలేకపోయారు. నీళ్లుంటేనే టర్బైను తిరుగుతుంది, నింపితే కట్టకు భయం. రాత్రి డ్యూటీలో ఉన్న నీ ఆపరేటరు నిద్రపోగలడా?

నా మొదటి కథ ఆ సీసా మీదే. ఒక పత్రికకు పంపితే ఎడిటరు 'ఊట' కొట్టేసి 'కన్నీటి ధార' అని వేశాడు, ఈసారి కరువో కత్తులో ఉన్నది పంపమని కార్డు కూడా రాశాడు. ముప్పై ఏళ్లు దాటింది, ఆ కోపం పోలేదు. సీమ అంటే ఎండిన నేల, వేటకొడవలి తప్ప ఇంకేం లేదనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నీ ముగింపు వాళ్లకోసం రాసినట్టుంది.

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. వరద కట్ట మీదెక్కి పొర్లితే అవతలి వాలును కోసుకుంటూ పోతుంది, మన్ను కరిగిపోతుంది. కింది ఊళ్లలో మనుషులు పోయారు. ఆ ఊళ్లలో కూర్చుని పైకి చదవగలిగేలా రాయి నీ గండిని.

పోటీకి పంపాలా అన్నావు, ఇప్పుడే వద్దు. కాలువకు నీళ్లు వదిలినప్పుడు పోయి, అక్కడి లస్కరుతో ఒక పొద్దంతా కట్ట మీద నడిచిరా.

పవర్‌హౌస్ లైట్లు ఎదురుగా వెలుగుతుంటే కొట్టంలో అవ్వ బుడ్డీ ముట్టించుకుంటుందే, అక్కడ నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అందులో ఒక్క అక్షరం ముట్టుకోవద్దు.